చెక్కలో ముడి ఎందుకు? దాన్ని నునుపు చేయడం ఎలా?

సాఫీగా సాగే చిత్రిక ముడి దగ్గర ఠక్కున ఆగిపోతుంది. ఎందుకు?

ఆ ముడి ఒకప్పటి కొమ్మ మొదలు. మాను ఏటేటా లావెక్కుతూ దాన్ని తనలో కలిపేసుకుంది. మాను పోగులు నిలువుగా ఉంటే కొమ్మ పోగులు అడ్డంగా వస్తాయి. చుట్టుపక్కల పోగులు, బండను చుట్టుకుపోయే ఏరులా, వంపు తిరుగుతాయి. అందుకే ముడికి ఒక పక్క నున్నగా తెగే చెక్క రెండో పక్క పెచ్చులుగా లేస్తుంది. ముడేమో చుట్టూ ఉన్న చెక్క కంటే గట్టిది.

మరి ఎలా? చిత్రిక బ్లేడు బాగా నూరాలి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. దాన్ని కొంచెమే బయటికి దించి, చిత్రికను ఏటవాలుగా పట్టి, పలచని పొరలు తీయాలి. పెచ్చు లేస్తే ఎదురు వైపు నుంచి తోయాలి.

ముడి చుట్టూ నల్లటి బెరడు వలయం ఉందా? అది ఎండిపోయిన కొమ్మది. చెక్క ఆరాక ఊడిపోవచ్చు. కుర్చీ కాలికి ఆ ముక్క వాడొద్దు. పచ్చి కొమ్మ ముడైతే చెక్కతో గట్టిగా కలిసి ఉంటుంది, పెట్టె మూతకు ఎంతో అందం.