దుకాణం లెక్కలకు సీఏ కావాలా?

ఆదోనిలో రైతు దగ్గర పత్తి కొన్న జిన్నింగ్ మిల్లు ఆ పత్తి మీద జీఎస్టీ తానే కట్టాలి. మామూలుగా అమ్మినవాళ్లు వసూలు చేసి కట్టే పన్ను ఇది. రైతు అమ్మే ముడి పత్తికి మాత్రం 2017 నవంబరు నుంచి ఆ బాధ్యత కొన్నవాళ్లది అయింది. పాత ఇన్‌పుట్ క్రెడిట్‌తో సర్దేయడానికీ వీల్లేదు. ముందు డబ్బు కట్టి, ఆ కట్టినదాన్నే తర్వాత క్రెడిట్‌గా వాడుకోవాలి. కర్నూలు యార్డులో ఉల్లిగడ్డలు కొని అమ్మే వ్యాపారికి ఈ బాధ లేదు. తాజా ఉల్లి మీద పన్ను సున్నా, అదొక్కటే అమ్మేవాళ్లకు జీఎస్టీ నమోదు కూడా అక్కర్లేదు.

లెక్కలకు సీఏను పెట్టుకోవాలా, ఊళ్లో పద్దులు రాసే ఆయన చాలా అన్న ప్రశ్నకు ఈ ఇద్దరికీ ఒకే జవాబు చెబితే ఎవరో ఒకరు నష్టపోతారు.

ముందు మనుషుల సంగతి. కర్నూలు, కడప, ప్రొద్దుటూరు బజార్లలో సీఏనూ, పద్దులు రాసే ఆయననూ ఇద్దరినీ ఆడిటర్ గారనే పిలుస్తాం కాబట్టి పిలుపును బట్టి తేడా తెలియదు. సీఏ అంటే చార్టర్డ్ అకౌంటెంట్, 1949 నాటి చట్టం కింద ఏర్పడిన ఐసీఏఐ అనే సంస్థలో సభ్యుడు. పరీక్షలు, ఆర్టికల్‌షిప్ అయ్యాక ప్రాక్టీసుకు విడిగా సర్టిఫికెట్ తీసుకోవాలి. తప్పు చేస్తే ఆ సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు, పేరు తీసేసే అధికారం కూడా దానికి ఉంది. రెండో ఆయన ఎక్కువగా బీకాం చదివి, ఏదో ఆడిట్ ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసి, ట్యాలీ నేర్చుకుని సొంతంగా గది తీసుకున్న మనిషి. కొందరు ప్రభుత్వ పరీక్ష రాసి జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదవుతారు. ఆయన చేసే పని చట్టవిరుద్ధం కాదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నెలనెలా బిల్లులు చూసి, గడువులోపు రిటర్న్ వేసే పనిలో మంచి ప్రాక్టీషనర్ ఎవరికీ తీసిపోడు. కంపోజిషన్ స్కీములో ఉన్న కిరాణా కొట్టు ఆ పనికి సీఏ ఫీజు ఇవ్వనక్కర్లేదు.

అయితే కొన్ని సంతకాలు సీఏవే కావాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడితే, అమ్మకం రూపాయి లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. ఎల్‌ఎల్‌పీకి అమ్మకాలు 40 లక్షలు దాటితే ఆడిట్. సొంత వ్యాపారానికి టర్నోవర్ కోటి దాటితే ఆదాయపన్ను చట్టం కింద ట్యాక్స్ ఆడిట్. వచ్చిన డబ్బులోనూ ఇచ్చిన డబ్బులోనూ నగదు అయిదు శాతం మించకపోతే ఆ హద్దు 10 కోట్లు. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ హద్దులు మారలేదు.

ఆ అయిదు శాతం దగ్గరే మన ప్రాంత వ్యాపారులు ఆగిపోతారు. వేరుశనగ, ఉల్లి, పత్తి, అన్నీ రొక్కంతో నడిచే సరుకులు. ఫోన్‌పే ఎంత వచ్చినా యార్డులో రైతు చేతికి నోట్లే వెళ్తాయి. కాబట్టి వీళ్లలో చాలామందికి హద్దు పది కోట్లు కాదు, కోటే.

రెండు కోట్ల లోపు వాళ్లకు ఇంకో దారి ఉంది. అమ్మకాల్లో ఎనిమిది శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిలో ఆరు శాతం లాభం అని చూపించి పన్ను కడితే పద్దులూ ఆడిటూ అక్కర్లేదు. చాలామంది అకౌంటెంట్లు అందరికీ ఇదే వేసేస్తారు. నూనె, బియ్యం హోల్‌సేల్‌లో రెండు శాతం మిగిలితే గొప్ప. అలాంటి వ్యాపారి రాని లాభానికి పన్ను కట్టడం ఏమి న్యాయం? ఆయన పద్దులు రాయించి, ఆడిట్ చేయించుకుంటే సీఏ ఫీజు పోగా కూడా మిగిలే అవకాశం ఉంది. ఇక మండీలో కమీషన్ మీద బతికే ఏజెంటుకు ఈ దారే మూసి ఉంది. కమీషన్ ఆదాయాన్ని చట్టం ఇందులోంచి తీసేసింది. ఆ సంగతి తెలియక ఏళ్ల తరబడి ఇలాగే రిటర్న్ వేస్తే, నోటీసు వచ్చేనాటికి అన్ని సంవత్సరాల బాకీ ఒక్కసారి మీద పడుతుంది.

నగదుదీ అంతే. ఒక మనిషికి ఒక రోజులో పది వేలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోరు. పండించిన రైతుకే ఇచ్చినప్పుడు మినహాయింపు ఉంది. మధ్యలో ఇంకో వ్యాపారి దగ్గర కొంటే లేదు. అంటే సరుకు అమ్మకం చీటీ అయిన తక్‌పట్టీలో ఎవరి పేరు రాశారన్నదాని మీద లక్షల ఖర్చు నిలబడటమో పోవడమో ఉంటుంది. ప్రొద్దుటూరు బంగారం కొట్లలో ఒక కొనుగోలుకు రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. బిల్లును రెండుగా చేస్తే సరిపోతుందని చెప్పే సలహాదారులున్నారు. సరిపోదు. తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు, అదీ దుకాణదారు మీద. బిల్లు విడగొట్టమన్నాయన మీద కాదు.

ఎవరిని పెట్టుకున్నా మారని విషయం ఇదే. ప్రాక్టీషనర్ వేసిన రిటర్న్‌లోని వివరాలకు బాధ్యత నమోదు చేసుకున్న వ్యాపారిదేనని జీఎస్టీ చట్టం తేటగా రాసింది. ఆదాయపన్నులోనూ సంతకం మీదే. 2025 జులై 14న ఆదాయపన్ను శాఖ దేశంలో 150 చోట్ల తనిఖీలు చేసింది. లేని మినహాయింపులు చూపించి, కమీషన్ తీసుకుని రీఫండ్లు ఇప్పించిన రిటర్న్ తయారీదారుల మీద. అంతకు ముందు నాలుగు నెలల్లో 40,000 మంది దాకా తమ రిటర్న్‌లు సరిదిద్దుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. ఆ దళారులు తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టించి రిటర్న్‌లు వేసి వదిలేశారు. నోటీసులు వాటికి వెళ్లి చదివే దిక్కు లేక పడి ఉన్నాయి. వాళ్ల ఖాతాదారుల్లో ఉద్యోగులు ఎక్కువ గానీ, చిన్న వ్యాపారిని ఇలా ముంచడం ఇంకా తేలిక.

సీఏ పేరు చెప్పగానే నిశ్చింతగా ఉండటానికీ లేదు. పద్దులన్నీ ఊళ్లో ఆయన రాసి, ముఖం చూడని సీఏ చేత సంతకం పెట్టించడం చిన్న పట్టణాల్లో మామూలైపోయింది. ఫీజు ఇద్దరికీ ఇస్తాం, పరిశీలన మాత్రం ఎవరూ చేయరు. 2019 నుంచి సీఏ సంతకం చేసే ప్రతి సర్టిఫికెట్, ఆడిట్ నివేదిక మీద యూడీఐఎన్ అనే 18 స్థానాల గుర్తింపు నంబరు ఉండాలి. దాన్ని ఐసీఏఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూడవచ్చు. బ్యాంకు లోనుకు నెట్‌వర్త్ సర్టిఫికెట్ ఇప్పిస్తామన్నప్పుడు ముందు ఆ నంబరు అడగండి.

కోటి దగ్గరకు చేరుతున్న వ్యాపారికి నేను చెప్పేది: నెలవారీ పని నమ్మకమైన స్థానిక అకౌంటెంటుకు ఇవ్వండి, సీఏను మీరే ఎంచుకోండి, మీరే కలవండి. అదీ ఆడిట్ గడువైన సెప్టెంబరు 30 ముంచుకొచ్చాక కాదు. సరుకు మారినప్పుడు, భాగస్వామి చేరినప్పుడు, లోను అడగబోయే ముందు ఒక గంట కూర్చుంటే ఆ ఫీజు దండగ కాదు.

ఈ వారంలోనే చేయదగిన పని ఒకటుంది. జీఎస్టీ పోర్టల్‌లో మీ నమోదు తెరిచి, అక్కడ ఎవరి ఫోన్ నంబరు, ఎవరి ఈమెయిల్ ఉన్నాయో చూడండి. అకౌంటెంటువి అయితే మీవి పెట్టించండి. ఓటీపీతో మారిపోతుంది, అధికారి అనుమతి అక్కర్లేదు. ఆయన పాస్‌వర్డ్ ఇవ్వనంటే గుర్తింపు పత్రాలతో మీ పరిధిలోని పన్ను అధికారిని కలిస్తే, కొత్త నంబరు నమోదు చేసి పాస్‌వర్డ్ మార్పించి ఇస్తారు.