పెయింట్‌బాల్ మళ్ళీ పుంజుకుంటుందా?

ఇక్కడ అమెరికాలో పిల్లలు మిడిల్ స్కూల్‌కి వచ్చేసరికి పుట్టినరోజు పిలుపుతో పాటు సంతకం పెట్టాల్సిన కాగితం కూడా ఇంటికొస్తుంది. పెయింట్‌బాల్ ఆడించడానికి తల్లిదండ్రుల అంగీకార పత్రం అది. "ఈ తుపాకీ ఆటలు మనకెందుకండీ?" అని మిత్రులు అడుగుతుంటారు. కొన్నేళ్ళుగా ఆఫీసు వాళ్ళతో ఆడుతున్నాను కనుక నాకు తెలిసింది చెబుతాను.

ఈ పరికరాన్ని మొదట తయారుచేసింది ఆట కోసం కాదు, అడవిలో చెట్లకూ మందలో పశువులకూ దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెన్నికర్ దగ్గర 12 మంది దాన్ని పట్టుకుని అడవిలో జెండాలు సేకరించే పోటీ పెట్టుకున్నారు. గెలిచిన రిచీ వైట్ అనే ఫారెస్టర్ ఒక్కసారి కూడా పేల్చలేదట! నా దృష్టిలో ఆటకి ప్రాణం అదే, నక్కి నక్కి నడవడం.

తర్వాత గాలి నింపిన బంకర్ల మధ్య ఆడే స్పీడ్‌బాల్ వచ్చింది, టీవీకెక్కింది. ఎలక్ట్రానిక్ మార్కర్లూ వచ్చాయి (ఆడేవాళ్ళు తుపాకీ అనరు, మార్కర్ అంటారు). సెకనుకి పదికి పైగా బంతులు! చిక్కంతా అక్కడే మొదలైందని నా అభిప్రాయం. బంతి అంటే విటమిన్ మాత్రలాగా జెలటిన్ తొడుగులో నింపిన రంగు. ఒకసారి పగిలితే అంతే. మార్కర్ అద్దె కన్నా బంతులకే జేబు ఖాళీ అవుతుంది. మొదటిసారి వచ్చినవాడు వరసగా నాలుగు దెబ్బలు తిని, డబ్బు వదిలించుకుని, మళ్ళీ ఆ వైపు చూడడు. 2008 మాంద్యం దానికి తోడైంది. ఆడేవాళ్ళు తగ్గారు.

అయినా ఫ్లోరిడాలో వరల్డ్ కప్ ఏటా జరుగుతూనే ఉంది. ట్రిగ్గర్ నొక్కితే ఒకే బంతి వచ్చే పాతరకం మెకానికల్ మార్కర్ల పోటీలకు మళ్ళీ ఆదరణ పెరిగింది. పిల్లలకి మామూలు 0.68 అంగుళాల బంతి బదులు 0.50 అంగుళాలది వాడుతున్నారు. బరువు సగం కన్నా తక్కువ, దెబ్బా తక్కువే. ఆట పెరిగితే ఈ దారిలోనే పెరుగుతుందని నా నమ్మకం.

సంతకం పెట్టే ముందు మైదానం వాళ్ళని రెండు సంగతులు అడగండి. పిల్లలకి చిన్న బంతులున్నాయా? ప్రతి మార్కర్ వేగాన్నీ ఆటకి ముందు కొలుస్తారా? పెద్దల ఆటలో కూడా సెకనుకి 300 అడుగులు దాటకూడదు. మీ అబ్బాయికి మాత్రం మీరే చెప్పండి: అద్దం మసకబారినా, చెమట పట్టినా, మైదానంలో మాస్కు తీయకూడదని.