పెట్రోలింగ్ బండికి నల్ల అద్దాలు ఎందుకు?

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే మీదైనా, జడ్చర్ల దగ్గర బెంగళూరు హైవే మీదైనా వాహనాల తనిఖీ జరిగేటప్పుడు ఈ దృశ్యం కనిపిస్తుంటుంది. కానిస్టేబుల్ కారు ఆపి అద్దం దించమంటాడు. నల్ల ఫిలిం అంచును గోటితో లేపి కిందికి లాగుతాడు. అది సగం దాకా వచ్చి చిరుగుతుంది, జిగురు అద్దానికే అంటుకుని ఉంటుంది. చలాన్ చేతికొస్తుంది. బండి ఓనరు ఎండలో నిలబడి ఆ జిగురు గీక్కుంటూ పక్కనున్న పోలీసు బండి వైపు చూస్తాడు. దాని అద్దాలూ నల్లగా ఉంటే ఒక ప్రశ్న నోటిదాకా వస్తుంది. అడగడానికి మాత్రం ధైర్యం చాలదు.

అది అడగాల్సిన ప్రశ్నే. అందరికీ వర్తించే రూలు పోలీసు బండికి వర్తించదా? వర్తిస్తే ఎండలో పన్నెండేసి గంటలు డ్యూటీ చేసే సిబ్బంది గతేమిటి?

రూలు ఏమంటోంది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నూరో నిబంధన అద్దాలకు సంబంధించింది. ముందు అద్దం, వెనక అద్దం కనీసం 70 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. పక్క అద్దాలు కనీసం 50 శాతం రానివ్వాలి. బండి కొన్ననాడే కాదు, రోడ్డు మీద తిరిగినన్నాళ్లూ అలాగే ఉండాలి. భద్రతా అద్దాలు తప్పనిసరి అన్న షరతు నుంచి వ్యవసాయ ట్రాక్టర్లను తప్పించారు గానీ, ఆ నిబంధనలో పోలీసు వాహనాలకు మినహాయింపు లేదు.

కోల్‌కతాకు చెందిన అభిషేక్ గోయెంకా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. అద్దాలకు ఎంత శాతం ఫిలిమైనా సరే అంటించకూడదని, మే 4 నుంచి దేశమంతటా ఇది అమలు కావాలని ఆదేశించింది. నల్ల అద్దాల చాటున కిడ్నాపులు, దోపిడీలు, ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు జరుగుతున్నాయన్నది కోర్టు చూపిన ప్రధాన కారణం. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారి వాహనాలకు మాత్రం ఉన్నతాధికారుల కమిటీ పరిశీలించి మినహాయింపు ఇవ్వవచ్చంది. అదే ఏడాది డిసెంబరు 16న ఢిల్లీలో నిర్భయ ఘటన జరిగిన బస్సుకూ నల్ల అద్దాలు, కర్టెన్లు ఉన్నాయి. నగరం నడిరోడ్ల మీద తిరుగుతున్నా లోపల జరిగే ఘోరం బయటివాళ్ల కంట పడలేదు.

తర్వాత రూలు కొంత మారింది. 2020లో చేసిన సవరణ 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాణాలకు లోబడి, ఫిలింతో కూడిన భద్రతా అద్దాలకు అది చోటిచ్చింది. 70, 50 శాతాల పరిమితిలో ఉంటే ఫిలిం నేరం కాదని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. అంటే ఫిలిం ఉండవచ్చా లేదా అన్న దానిమీద వాదం నడుస్తున్నా, వెలుతురు శాతాలు మాత్రం మారలేదు.

తెలంగాణలో ఈ రూలును పెద్దవాళ్ల మీదా ప్రయోగించారు. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు పేరున్న సినీ నటుల కార్లను ఆపి, ఫిలిం పీకించి, జరిమానా వేశారు. జనం మెచ్చుకున్నారు. ఆ మెప్పు నిలవాలంటే అదే కొలత పోలీసు బండికీ ఉండాలి.

ఎండ బాధ నిజమే

పోలీసుల వైపు వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 44, 45 డిగ్రీల ఎండ మామూలే. పాలమూరు మెట్ట ప్రాంతంలో చెట్టు నీడ దొరకని రోడ్లు ఎన్నో. మధ్యాహ్నం రెండింటికి హైవే పక్కన ఆగి ఉన్న బొలెరోలో కూర్చున్న హోంగార్డు పడే బాధ చలాన్ పుస్తకానికి తెలియదు.

కానీ నలుపు వేరు, చల్లదనం వేరు. ఎండ మోసుకొచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. వాటిని అడ్డుకుంటూ వెలుతురును రానిచ్చే అద్దాలు ఇప్పుడు కంపెనీలే తయారుచేస్తున్నాయి. చవక నల్ల ఫిలిం చేసే పని ముఖ్యంగా కంటికి కనిపించే వెలుతురును తగ్గించడం. షాపువాడు ‘యాభై శాతం ఫిలిం సార్, ఏం కాదు’ అంటాడు. అప్పటికే 70 శాతం వెలుతురు రానిచ్చే అద్దానికి ఆ ఫిలిం అంటిస్తే లోపలికి వచ్చేది 35 శాతమే. రెండింటినీ గుణించాలన్న సంగతి చాలామందికి తెలియదు.

రాత్రి గస్తీలో ఈ లెక్క ప్రాణాల మీదికే వస్తుంది. రిఫ్లెక్టర్ లేని పత్తి ట్రాక్టర్, నల్ల దుప్పటి కప్పుకుని రోడ్డు దాటే ముసలాయన, పొలం గట్టు నుంచి హైవే ఎక్కే బైకు పక్క అద్దంలోంచే ముందు కనబడాలి. చుట్టూ ఏం జరుగుతోందో చూడటానికి తిరిగే బండికి చూపు తగ్గించే ఫిలిం పనికిరాదు.

ప్రాణభయం సంగతి?

ఈ జిల్లాల్లో పోలీసు ఉద్యోగం ఎంత ప్రమాదమో చరిత్రే చెబుతుంది. 1993లో మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు కొల్లాపూర్ సమీపంలోని సోమశిల దగ్గర నక్సలైట్లు పేల్చిన మందుపాతరకు బలయ్యారు. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి వేళ సూర్యాపేట బస్టాండులో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు సాయుధులు కాల్పులు జరిపి, ఒక కానిస్టేబుల్‌ను, ఒక హోంగార్డును పొట్టనబెట్టుకున్నారు. ఏప్రిల్ 4న మోత్కూరు మండలం జానకిపురం దగ్గర ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ హతమయ్యారు. అక్కడ ఇంకో కానిస్టేబుల్ ప్రాణం పోయింది, తీవ్రంగా గాయపడిన ఎస్సై కొన్ని రోజులకు ఆస్పత్రిలో కన్నుమూశారు.

ఈ త్యాగాలను తలచుకునేటప్పుడే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఫిలిం తూటాను ఆపదు, మందుపాతరను ఆపదు. సిబ్బందికి కావలసినవి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు, ముప్పున్న చోట కవచ వాహనాలు, రాత్రి తనిఖీకి తగినంత మంది.

మఫ్టీలో నిఘా పెట్టే వాహనాల సంగతి వేరు. లోపల ఎవరున్నారో తెలిస్తే వాటి పనే చెడుతుంది. అత్యాచార బాధితురాలినో, కేసులో చిక్కిన పిల్లవాడినో తీసుకెళ్లేటప్పుడు వాళ్ల ముఖం పదిమందికి కనబడకూడదు. అందుకు సైరన్, రంగుపట్టీలు లేని బండి వాడటమే సరైన దారి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం తన చట్టంలో మఫ్టీ పనికి, పోలీసు కుక్కలను తీసుకెళ్లడానికి వాడే వాహనాలకు అద్దాల రూలు నుంచి మినహాయింపు రాసింది. పని పేరు చెప్పి ఇచ్చిన మినహాయింపు అది.

బండి ఎక్కిన మనిషి

అన్నిటికన్నా పెద్ద విషయం అరెస్టయిన మనిషి భద్రత. డి.కె.బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు తర్వాత చట్టంలోకి వచ్చాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 36వ సెక్షన్ ప్రకారం అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడేలా ధరించాలి. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో, ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇంటి గడప నుంచి స్టేషన్ గేటు దాకా సాగే ప్రయాణం మాత్రం ఈ రక్షణలన్నిటి మధ్యా ఖాళీగా మిగిలింది. ఆ దారిలో ఎవరు ఎక్కారు, ఎవరి మధ్య కూర్చున్నారు, ఎలా ఉన్నారు అన్నది దారిన పోయేవాళ్లకు కనబడటమే మనిషికి రక్ష. పాత నల్లగొండ జిల్లాలోని అడ్డగూడూరులో 2021 జూన్‌లో ఒక దళిత మహిళ పోలీసు కస్టడీలో చనిపోయింది. ఆ కేసులో ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను సర్వీసు నుంచి తొలగించారు. అలాంటిది చూసిన ఊళ్లలో అద్దాలు మూసిన పోలీసు బండి వచ్చి ఆగితే తల్లులు బెదిరిపోతారు. ఆ భయం పోగొట్టాల్సింది పోలీసు శాఖే.

పోలీసులు కనబడితే మేలేమిటన్నది ప్రపంచంలో పరిశోధించారు కూడా. 1972–73లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో చేసిన ప్రయోగం, కార్లలో ఊరికే గస్తీ తిరగడాన్ని పెంచినా తగ్గించినా నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. ఆ తర్వాత న్యూవార్క్‌లో పోలీసులను కాలినడకన తిప్పి చూశారు. నేరాలు తగ్గలేదు గానీ, జనంలో భయం తగ్గింది, పోలీసుల మీద మంచి అభిప్రాయం పెరిగింది. జనానికి ధైర్యమిచ్చింది మనిషి ముఖం. పెట్రోలింగ్ బండిలో ఉన్న ఎస్సై ఎవరో అద్దంలోంచి కనబడితే, చిట్యాలలో చాయ్ హోటల్ నడిపే ఆమె చెయ్యెత్తి బండిని ఆపగలదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు, కొత్త చట్టం కూడా అక్కర్లేదు. రంగుపట్టీలు, సైరన్ ఉన్న ప్రతి గస్తీ బండికీ 70, 50 శాతాల రూలు తప్పదని జిల్లా ఎస్పీలు ఒక మెమో ఇవ్వాలి. వెలుతురు శాతం కొలిచే మీటర్‌తో జిల్లా పోలీసు మోటారు ట్రాన్స్‌పోర్ట్ విభాగం తన బండ్లను ముందు తనిఖీ చేసుకోవాలి. మఫ్టీ, ఎస్కార్ట్ వాహనాలకు మినహాయింపు ఇస్తే దాన్ని కారణంతో సహా రాతలో ఉంచాలి. వీటితోపాటు గస్తీ బండ్ల ఏసీలకు గ్యాస్, మరమ్మతులు, వేడిని ఆపే తెల్ల అద్దాల ఖర్చును ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే మంజూరు చేయాలి. అది చేయకుండా ఫిలిం మాత్రం పీకేయమంటే, ఆ భారమంతా మే నెల మధ్యాహ్నం బండిలో కూర్చున్న డ్రైవరు మీద, హోంగార్డు మీద పడుతుంది.