నదిని చూసి చేసిన పెట్టె

బంగారం అంత బరువు కదా, మరి కొండ మీంచి ఏరు దాన్ని ఎలా దింపుతుంది? దింపగలిగినప్పుడు సముద్రం దాకా ఎందుకు మోసుకుపోదు? ఒక తొమ్మిదో తరగతి పిల్లాడు క్లాసులో వేసిన ఈ రెండు ప్రశ్నలకూ జవాబు స్లూయిస్ బాక్స్ అనే చెక్క తొట్టిలో దొరుకుతుంది.

ముందు బరువు సంగతి. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ సాంద్రత నీటితో పోలిస్తే 2.65 రెట్లు, బంగారానిది 19.3 రెట్లు. అంటే ఏడు రెట్లు పైచిలుకు. నీళ్లలో మునగగానే రెండూ తమ పరిమాణమంత నీటి బరువును పోగొట్టుకుంటాయి. మిగిలేది 1.65, 18.3. తేడా ఒక్కసారిగా పదకొండు రెట్లయింది! బియ్యం గాలించేటప్పుడు రాళ్లు అడుగున నిలిచిపోయేది కూడా ఈ లెక్క వల్లే.

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో క్వార్ట్జ్ చారలు శిథిలమై రాల్చిన బంగారాన్ని వరద కదిలిస్తుంది. ఉధృతి తగ్గగానే అన్నిటికన్నా ముందు అడుగుకు చేరేది బంగారమే. వాలు తగ్గేచోట, వంపు లోపలి ఒడ్డున, బండరాయి వెనుక, అన్నిటికీ మించి అడుగురాతిలో ప్రవాహానికి అడ్డంగా ఉన్న పగుళ్లలో చిక్కుకుంటుంది. పెద్ద ముక్కలు పుట్టినచోటికి దగ్గర్లోనే ఆగుతాయి, నలిగి రేకులైనవి దూరం పోతాయి.

1848 జనవరి 24న ఆ కొండల్లోని కొలోమాలో జేమ్స్ మార్షల్ అనే అతనికి బంగారం కనిపించింది రంపపు మిల్లు కాలువలో. కాలువ లోతు పెరగాలని రాత్రిళ్లు నీళ్లు వదిలేవారు. మట్టి కొట్టుకుపోయి బంగారం మిగిలింది. నా దృష్టిలో అది ఎవరూ అనుకోకుండా తయారైన స్లూయిస్.

చేతి పళ్లెం, ఊపే తొట్టి దాటి గనివాళ్లు పొడవాటి పెట్టెలకు వచ్చారు. అడుగున అడ్డపట్టీలు కొట్టి, కాస్త వాలుగా పెట్టి, ఒకవైపు నుంచి నీళ్లూ కంకరా వదిలేవారు. ఇందులో నన్ను కట్టిపడేసేది పట్టీ వెనుక పుట్టే సుడి. పట్టీ దాటిన నీరు కిందికి దొర్లి వెనక్కి తిరుగుతుంది, అక్కడి ఇసుకను గట్టిపడనివ్వకుండా కలియబెడుతూనే ఉంటుంది. ఇసుక వదులుగా ఉన్నంతసేపూ బంగారం దాని సందుల్లోంచి దిగిపోతుంది. వాలు తక్కువైతే ఇసుక బిగుసుకుపోయి బంగారం పైనుంచి జారిపోతుంది. ఎక్కువైతే సుడే అన్నీ ఊడ్చేస్తుంది. అడుగురాతి పగుళ్లను వరసగా పేర్చి, నదినే తిన్నగా సాగదీసినట్టుంటుంది ఈ పెట్టె. ఇంత సులువుగా ప్రకృతిని అనుసరించిన యంత్రాలు నాకు తెలిసి చాలా తక్కువ.

తర్వాతి కథ వేగంగా నడిచింది. పాత నదుల కంకర కొండశిఖరాల మీద కూడా ఉందని తెలిసింది. కోట్ల ఏళ్ల కిందట అవి లోయలు! 1853లో ఎడ్వర్డ్ మ్యాటిసన్ అనే గనివాడు గొట్టంతో నీళ్లు చిమ్మి ఆ గుట్టలను కరిగించాడు. కొట్టుకొచ్చిన మట్టితో యూబా నది పూడిపోయింది, దిగువ పొలాలు మునిగాయి. 1884లో న్యాయమూర్తి లోరెంజో సాయర్ తీర్పుతో ఆ ధాటికి అడ్డుకట్ట పడింది.

బంగారపు సన్న రేణువులను పట్టడానికి పెట్టె పట్టీల మధ్య పోసిన పాదరసంలో చాలా భాగం ఏటి పాలైంది. దాని సాంద్రత 13.6. అందుకే ఇప్పటికీ అక్కడ సరదాకి బంగారం వెతికేవాళ్లకు అడుగురాతి పగుళ్లలో, బంగారం ఆగే చోటనే, పాదరసపు బొట్లు తగులుతుంటాయి.