జీపు పాతది, ఇంజన్ వేరేది

బస్సు పోని ఊళ్ళకు జీపే దిక్కు. ఆదిలాబాద్ అడవి దారుల్లో సంతకు పోవాలన్నా, దవాఖానకు పోవాలన్నా ఎంతోమంది జీపే ఎక్కేవారు. ఇప్పటికీ కొన్ని పాత జీపులు తిరుగుతున్నాయి. పైకి చూస్తే బండి పాతదే. మూత ఎత్తితే లోపల ఇంజన్ వేరే ఉంటుంది. ఎందుకు మారుస్తారు?

మన దేశంలో మహీంద్రా కంపెనీ 1947లో జీపుల పని మొదలుపెట్టింది. ఆనాటి జీపులకు పెట్రోలు ఇంజన్ ఉండేది.

పెట్రోలు ఇంజన్ ఎట్లా నడుస్తుంది?

పెట్రోలు, గాలి కలిసి లోపలికి పోతాయి. ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. పెట్రోలు మండుతుంది. ఆ బలంతో బండి కదులుతుంది. రవ్వ రావాలంటే కాయిల్, పాయింట్లు, వైర్లు అన్నీ బాగుండాలి. వాన నీళ్ళు తగిలితే బండి మొరాయిస్తుంది.

మరి డీజిలు ఇంజన్?

దీనికి నిప్పురవ్వ అక్కరలేదు. సైకిల్‌కు గాలి కొడితే పంపు వేడెక్కుతుంది కదా! ఇదీ అంతే. ఇంజన్ గాలిని గట్టిగా నొక్కుతుంది. గాలి బాగా కాగుతుంది. అందులోకి డీజిలు చిమ్మగానే అంటుకుంటుంది. కాయిల్ లేదు, పాయింట్లు లేవు, కార్బురేటర్ లేదు. లీటరుకు ఎక్కువ దూరం పోతుంది. రోజూ తిప్పే బండికి ఇదే మేలని చాలామంది మార్చుకున్నారు.

కష్టాలూ ఉన్నాయి. డీజిలు ఇంజన్ బరువు ఎక్కువ. చప్పుడు, అదురు ఎక్కువ. చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగాలి. డీజిలులో నీళ్ళు, చెత్త ఉంటే పంపు పాడవుతుంది. దాన్ని బాగు చేయించాలంటే పైసలు బాగా అవుతాయి. బరువు పెరిగింది కాబట్టి బ్రేకులు, స్ప్రింగులు కూడా చూపించాలి.

కాగితం మరచిపోవద్దు

ప్రతి ఇంజన్ మీద ఒక నంబరు ఉంటుంది. అదే నంబరు ఆర్.సి.లో ఉండాలి. పెట్రోలా, డీజిలా అన్నదీ అందులో ఉంటుంది. ఇంజన్ మార్చాలంటే ముందుగా రవాణా ఆఫీసు అనుమతి తీసుకోవాలి. మార్చిన 14 రోజుల్లో ఆర్.సి. ఇచ్చి రాయించుకోవాలి. ఇది 1988 మోటారు వాహనాల చట్టంలోని మాట. 2019లో చట్టాన్ని సవరించారు. అప్పటి నుంచి అనుమతి లేకుండా బండిని మారిస్తే, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు పేచీ పెట్టవచ్చు. అప్పుడు నష్టం ఎవరికి? ఆర్.సి. మీద పేరున్నవారికే.

అక్కలారా! సంఘం అప్పుతో పాత జీపు కొంటున్నారా? ఇంట్లోవాళ్ళు మీ పేరు మీద బండి తీసుకుంటున్నారా? "నాకేం తెలుసు" అనకండి. మీకు చదువు వచ్చింది. ఆర్.సి. చేతిలోకి తీసుకోండి. మూత ఎత్తించండి. ఇంజన్ మీది నంబరును ఒక్కొక్క అంకె చదివి పోల్చండి. ఇంజన్ కొన్న రసీదు అడగండి. నంబర్లు కలవకపోతే సంతకం పెట్టకండి.

ఆలోచించండి

1. డీజిలు ఇంజన్‌కు నిప్పురవ్వ ఎందుకు అక్కరలేదు?
2. ఇంజన్ మార్చినాక ఎన్ని రోజుల్లో రాయించుకోవాలి?
3. మీ ఊరి బండి ఆర్.సి. ఎవరి పేరున ఉంది? చదివి చూడండి.