పాత బండికి క్రొత్త మొగము

కూర్మన్నపాలెము విశాఖ ఉక్కు కర్మాగారమునకు ముంగిలి వంటిది. ఒకప్పుడు 5వ నంబరుతో పేరొంది, నేడు 16వ నంబరుతో పిలువబడుచున్న జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగిపోవుచున్నది. గాజువాక వైపు నుండియు, అనకాపల్లి వైపు నుండియు రేయింబవళ్ళు బండ్లు వచ్చుచునే ఉండును. ఇనుప కడ్డీల బరువుతో మూలుగుచు నడచు ట్రైలర్ల నడుమ, పెండ్లివారింట ఒదిగి నిలిచిన పేద చుట్టము వలె, పాత పికప్ బండ్లు కనిపించును. చేపల పెట్టెలు, కూరగాయల బస్తాలు, బెల్లపు దిమ్మెలు, ఇల్లు మారువారి మంచములు, బీరువాలు — ఎవరికి ఏది కావలసినను మోయునవి ఇవే. వీటి మొగములను ఒకమారు పరికించి చూడుడు. ఒకదానికి ముందరి జాలీ విరిగి ఇనుప తీగతో కట్టబడి ఉండును. వేరొకదానికి జాలీయే లేక రేడియేటరు బట్టబయలై ఉండును. మరియొకదానికి నిన్న మొన్న బిగించిన నల్లని జాలీ నిగనిగలాడుచుండును. బండి పాతది, మొగము క్రొత్తది. ఈ మూడవ బండిని గూర్చియే నేను చెప్పదలచినది.

జాలీ యెంత, దానిని గూర్చి వ్యాసమేమి అని కొందరికి తోచవచ్చును. కాని మాట పుట్టుకను చూచినచో ఇది చిన్న వస్తువు కాదని తెలియును. జాలమనగా వల. జాలకమనగా వల వంటి అల్లిక గల కిటికీ. చేపలు పట్టు జాలరికిని, బండి ముందరి జాలీకిని మూలము ఒక్కటే. నీటిని పోనిచ్చి చేపను పట్టునది జాలరి వల. గాలిని పోనిచ్చి రాతిని ఆపునది బండి జాలీ. ఏది రావలెనో ఏది రాకూడదో ఎరిగి మెలగుటయే రెండింటి ధర్మము. మన పెద్దలు గాలి కంతను గవాక్షమన్నారు. అనగా ఆవు కన్ను. ఇంటికి కన్ను వంటిది కిటికీ అని వారి భావము. బండికి కన్నులు దీపములే యైనను, మొగమునకు రూపునిచ్చునది మాత్రము జాలీయే.

ఇది మొదటినుండియు ఉన్నది కాదు. మోటారు బండ్లు పుట్టిన క్రొత్తలో ఇంజను వేడిని చల్లార్చుటయే పెద్ద చిక్కు. 1900 సంవత్సరమున విల్‌హెల్మ్ మైబాఖ్ అను జర్మను శిల్పి మెర్సిడెస్ బండికి తేనెపట్టు వంటి రేడియేటరును అమర్చినాడు. అందులో ఎనిమిది వేలకు పైగా సన్నని చదరపు గొట్టములు. నాడు ఆ రేడియేటరే బండికి మొగము. తరువాత, ముఖ్యముగా 1930 తరువాతి కాలమున, రేడియేటరు లోనికి జరిగి దాని ముందు తెరగా జాలీ నిలిచినది. పని చేయు వస్తువు వెనుకకు పోయి, చూపునకు నిలుచు వస్తువు ముందుకు వచ్చినది. ఆనాటినుండి ఏ కంపెనీ బండియో జాలీని బట్టి గుర్తించుట లోకమునకు అలవాటైనది.

రెండవ ప్రపంచ యుద్ధమునాటి విల్లీస్ జీపు చరిత్ర ఇందుకు మంచి తార్కాణము. 1941లో వచ్చిన మొదటి జీపులకు ఇనుప పట్టీలను వరుసగా అతికి జాలీ చేసెడివారు. 1942 తొలి నెలలలో దాని స్థానమున ఫోర్డు వారు రూపొందించిన తొమ్మిది చీలికల రేకు జాలీ వచ్చినది. చౌకగా, తేలికగా అచ్చుగ్రుద్దవచ్చునన్నదే కారణము. యుద్ధానంతరము 1945లో ప్రజలకు అమ్మిన జీపునకు ఏడు చీలికలు పెట్టినారు. ఆ ఏడే నేటికిని జీపు గుర్తు. మన దేశమున మహీంద్రా వారు స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో ఆ జీపులనే కూర్చి అమ్మినారు. అదే వంశపు రూపుతో వారు అమెరికాలో రాక్సర్ అను బండిని అమ్మబోగా, 2018లో జీపు యజమానులు అభ్యంతరము తెలిపినారు. 2020లో అక్కడి వాణిజ్య సంఘము మొదటి రూపమునకు వ్యతిరేకముగా నిర్ణయించినది. వివాదము నడుచుచుండగానే బండి మొగమును మార్చవలసి వచ్చినది. మొగము కొరకు సముద్రముల కావల ఇంత వ్యాజ్యము!

మన లారీల కథయు ఇట్టిదే. 1954లో టెల్కో వారు జర్మనీ డైమ్లర్–బెంజ్ కంపెనీతో పదునైదేండ్ల ఒడంబడిక చేసికొన్నారు. ఆ కాలమున టాటా లారీ నుదుట మూడు కోణముల నక్షత్రము వెలుగొందినది. 1969లో గడువు తీరిన పిమ్మట నక్షత్రము పోయి టాటావారి ‘టి’ అక్షరము వచ్చినది. ఇంజను అదే, ఇరుసులు అవే. మొగము మీది గుర్తు మాత్రము మారినది. ఒక దేశము తన కాళ్ళపై నిలుచుట ఆ చిన్న లోహపు ముక్కలో వ్రాయబడినది. పికప్ బండ్లలో టాటా మొబైలు 1988లోను, మహీంద్రా బొలెరో ఆ పిమ్మటను రంగమునకు వచ్చినవి. వాటి తొలి తరముల బండ్లే నేడు మనము చూచు ముదుసళ్ళు.

ఇక జాలీ ఏల చెడునో చూతము. లోపలి ఊళ్ళలో దానికి శత్రువులు రాయి, ఎండ. విశాఖలో మూడవ శత్రువు ఉప్పుగాలి. గాలిలోని ఉప్పు తేమతో కలిసి ఇనుము పైపూతలోని సన్నని పగుళ్ళలో దూరును. పైన క్రోమియము మెరుపు చెక్కుచెదరనట్లే ఉండి లోపల తుప్పు ప్రాకును. చేపల రేవునకు తిరుగు బండ్లకు ఐసునీటి ఉప్పు కూడ తోడగును. ప్లాస్టికు జాలీకి తుప్పు లేదు గాని, ఎండకు పెళుసెక్కి బిగింపు క్లిప్పులు పుటుక్కున విరుగును. పైని మెరుపు పొరలు పొరలుగా లేచును.

మార్చదలచినవానికి నాలుగు మార్గములు కలవు. కంపెనీ సరకు కొనవచ్చును. కాని పాత నమూనాలకు అది దొరకుట అరుదు. బజారులో దాని పోలికతో చేసిన చౌక సరకు కొనవచ్చును. తుక్కు బండ్ల దుకాణములలో మరియొక బండినుండి ఊడదీసినది వెదకవచ్చును. లేదా గాజువాక ఆటోనగరు వంటి చోట పనివాని చేత చేయించుకొనవచ్చును. ఈ నాలుగవ దానిలోనే సొంత అభిరుచికి తావున్నది.

చేయించుకొనునప్పుడు లోహమును ఎంచుటలో జాగ్రత్త వలెను. ఉక్కునగరమున ఉన్నాము గదా, రేకునకేమి కొదువ అనుకొనరాదు. విశాఖ ఉక్కు కర్మాగారము చేయునవి ముఖ్యముగా కడ్డీలు, తీగచుట్టలు, దూలములు. పలుచని రేకు ఇక్కడిది కాదు, బొకారో, రూర్కెలా వంటి చోట్లది. స్టెయిన్‌లెస్ ఉక్కులోను తరగతులున్నవి. 304 తరగతిలో సుమారు 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు ఉండును. 316 తరగతిలో రెండు మూడు పాళ్ళు మాలిబ్డినము చేరుటచే ఉప్పుగాలికి అది ఎక్కువ ఓర్చును. అయస్కాంతము అంటకున్న మంచి సరకే యని నమ్ముట పొరపాటు. నికెలు తగ్గించి మాంగనీసు పెంచిన 200 వరుస చౌక సరకునకును అయస్కాంతము సరిగా అంటదు. అది సముద్రపుటొడ్డున త్వరలోనే మచ్చలు తేలును. మంచి జాలీకి మామూలు ఇనుప మరలు బిగించుట మరియొక తప్పు. రెండు జాతుల లోహములు తడిలో కలిసిన చోట బలహీనమైనది ముందు తినివేయబడును. కావున మరలు, వాషర్లు కూడ అదే జాతివి కావలెను, నడుమ రబ్బరు వేయవలెను.

పని పద్ధతి తెలిసిన టింకరు తొందరపడడు. బోనెట్టు ఎత్తి పై మరలు విప్పును. క్లిప్పులను లాగక నొక్కి విడిపించును. హారను, దీపముల తీగలు ఎక్కడెక్కడ ఉన్నవో గుర్తు పెట్టుకొనును. వెల్డింగును బండి మీద చేయక, జాలీని ఊడదీసి బల్లమీద చేయును. బండిమీదనే చేయక తప్పనిచో ముందుగా బ్యాటరీ తీగ విప్పును. క్రొత్తగా తొలిచిన ప్రతి రంధ్రము అంచున రెడాక్సైడు పూత పూయును. అంతయు బిగించిన పిమ్మట దీపముల వెలుగు ఎదుటివాని కంటిలో పడకుండ సరిచూచును. ఈ చివరి పని చేయువాడే నిజమైన పనివాడు.

అందము కొరకు గాలిని మరచిన బండికి ఆపద తప్పదు. ఇంధనము కాలగా పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవ వంతు రేడియేటరు ద్వారానే బయటికి పోవలెను. దోమతెర వంటి సన్నని అల్లిక, దాని ముందు పేరుపలక, పక్కన అదనపు దీపములు, పైన దండలు — ఇవన్నియు చేరి ఊపిరి బిగబట్టినచో, వేసవిలో నిండు బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను పొగలు గ్రక్కును. దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు గాలికి అడ్డము కావు. మనిషి గొప్పకు కట్టిన రేకు మాత్రము అడ్డమగును.

ఇంతకంటె పెద్ద హద్దు చట్టము. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ మాటనే గట్టిగా చెప్పినది. విరిగిన జాలీ స్థానమున జాలీ పెట్టుట మరమ్మతే. కాని దానితోబాటు కొందరు ముందు భాగమున లావైన ఇనుప గొట్టముల కంచె బిగించుచున్నారు. దీనిపై చర్య తీసికొనవలసినదిగా కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రములకు వ్రాసినది. అనుమతి లేని ఇట్టి మార్పునకు ఆరు నెలల వరకు ఖైదు గాని, మార్పునకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, రెండునూ గాని విధింపవచ్చును.

జరిమానా మాట అటుంచుడు. ఆ కంచె ఎవరికి తగులునో ఆలోచింపుడు. మెత్తని జాలీ, రేకు దెబ్బను కొంత తాము మ్రింగి మనిషిని కాపాడును. ఇనుప గొట్టము మ్రింగదు. షిఫ్టు ముగిసి రోడ్డు దాటు కార్మికునికి, సైకిలుపై పోవు బడిపిల్లవానికి ఆ దెబ్బ నేరుగా తగులును. గాలిసంచులు గల బండిలో వాటి మీటకు సకాలమున దెబ్బ తెలియక, నడుపువాడును నష్టపోవచ్చును. తన మొగమును కాపాడుకొనుటకు ఎదుటివాని ఎముకలు పణముగా పెట్టుట అలంకారము కాదు. జాలీకిని కంచెకును గల భేదము ఇదియే. ఒకటి ఓర్చుకొనును, ఒకటి పొడుచును.

మరి పాత బండికి ఇంత ఖర్చేల? ఎనిమిదేండ్లు దాటిన రవాణా బండికి ఏటేట సామర్థ్య పరీక్ష తప్పదు. వయస్సుతోబాటు రుసుమును పెరుగును. బ్రేకులు, టైర్లు, దీపములు ముందు చూచుకొనవలెననుటలో సందేహము లేదు. అవి బాగుపడిన తరువాతనే జాలీ. కాని దానిని వట్టి డాబు అని కొట్టివేయుటకు నా మనస్సు ఒప్పదు. బండి అప్పు తీర్చి, ఆ బండితోనే ఇల్లు నడుపువానికి అది ఇనుప ముక్క కాదు, కూడుపెట్టు తోడు. క్రొత్త బండి కొనుటకు చేతకాక, ఉన్నదానిని తుక్కునకు ఇచ్చుటకు మనసు రాక, కొన్ని వేలతో దాని మొగము కడిగి నిలబెట్టుకొనుట అతని ఆత్మగౌరవము. పండుగనాడు తల్లికి క్రొత్త చీర పెట్టు కొడుకును ఎవరు తప్పు పట్టుదురు?

కూర్మన్న అను పేరు వినగానే శ్రీకూర్మపు దేవుడు తలపునకు వచ్చును. తాబేలు మెల్లగా నడచును, బరువు మోయును, దెబ్బ తగులునప్పుడు మొగమును లోనికి తీసికొనును. తన డిప్పతో ఇతరులను మాత్రము పొడువదు. పాత పికప్ బండికి అంతకంటె మంచి ఆదర్శము లేదు. గాలిని రానిచ్చి, రాతిని ఆపి, మనిషిని నొప్పింపని మొగమే అందమైన మొగము.