రాత్రివేళ పిక్కలు పట్టుట



పామిడిముక్కల ప్రాంతమున నాట్లరోజులలో పగలంతయు బురదలో వంగి నిలిచిన కూలియమ్మయు, చేనిగట్లు తిరిగి వచ్చిన డెబ్బది యేండ్ల పెద్దయు అర్ధరాత్రమున ఒకే మాట యందురు: “అమ్మో, పిక్క పట్టినది!” పిక్క రాయివలె గట్టిపడి, కొన్ని క్షణములో, కొన్ని నిమిషములో బాధించి, తానే సడలును. దీనిని కొందరు వాతమనియు, కొందరు నరము తప్పినదనియు చెప్పుదురు. నిజమునకు ఇది కండరము తనంతట తాను బిగిసికొనుట.

ఇది రాత్రియే యేల వచ్చును? పండుకొన్నప్పుడు పాదము క్రిందికి వాలును. పిక్క కండరము కుదించుకొని యుండును. అప్పుడు నరము కొంచెము ప్రేరేపించినను అది బిగిసిపోవునని వైద్యుల యూహ. అలసినవారికిని, వయసు మీరినవారికిని, నెలలు నిండుచున్న గర్భిణులకును ఇది తఱచు. మధుమేహము, మూత్రపిండముల జబ్బు, నీరు తీయు మాత్రలు కూడ కారణములు కావచ్చును. పెక్కుమందిలో ఏ కారణమును కనబడదు.

ఎండలో చెమటోడ్చినవారి సంగతి వేఱు. ఒంటిలోని నీరును ఉప్పును తఱిగి వారికి కండలు పట్టును. ఉప్పు వేసిన మజ్జిగ వారికి మేలు. రక్తపుపోటు గలవారు మాత్రము ఉప్పు విషయమున వైద్యుని మాట వినవలెను.

పట్టినప్పుడు మోకాలు చాపి, పాదమును ముఖమువైపునకు మెల్లగా లాగి పట్టుకొనుడు. నిద్రకు ముందు గోడకు చేతులానించి, మడమలు నేలనుండి లేవకుండ ముందునకు వంగి పిక్కలను సాగదీయుడు. 2012లో వెలువడిన నెదర్లాండ్సు పరిశోధనలో, 55 ఏండ్లు దాటిన 80 మందిలో ఆరు వారములు నిత్యము ఇట్లు సాగదీసినవారికి ఈ బాధ తక్కువసారులు వచ్చెను.

ఒకప్పుడు దీనికి క్వినైను ఇచ్చెడివారు. అది రక్తమునకును గుండె లయకును హాని చేయగలదని 2006లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. కావున అంగడిలో అడిగి మాత్రలు మ్రింగవలదు. వైద్యుడిచ్చిన మాత్రలను మీయంతట మీరు మానవలదు.

ఇక ముఖ్యమైన మాట. నడచునప్పుడు పిక్క నొచ్చి, నిలిచినంతనే తగ్గినచో అది పట్టుట కాకపోవచ్చును. కాలి రక్తనాళములు సన్నగిలుట కావచ్చును. చుట్ట త్రాగువారికిని, మధుమేహులకును ఈ భయ మెక్కువ. ఉపేక్షించిన కాలే పోవచ్చును. ఒక కాలు మాత్రమే వాచి, వెచ్చబడి, నొప్పి విడువకున్నచో నాళములో రక్తము గడ్డకట్టియుండవచ్చును; ఆనాడే వైద్యుని చూడవలెను.

మీ యింట ఎవరైన రాత్రి కాలు పట్టుకొని లేచినచో “వయసు” అని త్రోసివేయకుడు. పగలు నడచునప్పుడు నొప్పి కలదా, కాలు వాచినదా యని అడుగుడు. ఆ రెండు ప్రశ్నలే ఒక కాలిని నిలుపవచ్చును.